మేడ మీది సిమ్ రౌటర్ మొరాయిస్తే ఎక్కణ్ణుంచి వెతకాలి

పోల్‌కి బిగించిన 4జీ రౌటర్ ఆగిపోగానే మనవాళ్ళు చేసే పనులు రెండే. రీసెట్ బటన్ నొక్కడం, లేదంటే ఏదో వీడియో చూసి ఫర్మ్‌వేర్, అంటే పెట్టె లోపలి సాఫ్ట్‌వేర్, అప్‌డేట్ కొట్టడం. నిజానికి ఈ రెండూ అన్నీ చూశాక చివర్లో చెయ్యాల్సినవి. రీసెట్ కొడితే ఏపీఎన్ (ఆపరేటర్ నెట్‌కి దారి చూపే పేరు), బ్యాండ్ లాక్ (ఎంచుకున్న ఫ్రీక్వెన్సీ పట్టీకే కట్టెయ్యడం), కెమెరాల సెట్టింగులు అన్నీ పోతాయి, తప్పు ఎక్కడుందో చెప్పే లాగ్ కూడా వాటితోపాటే పోతుంది. ఫర్మ్‌వేర్‌తో ఇంకా ప్రమాదం. కరెంటు సరిగ్గా అందని పెట్టెకి అప్‌డేట్ పెడితే అది మధ్యలో ఆగిపోయి, అంతవరకు సగమైనా పనిచేసేది పూర్తిగా పడుకుంటుంది.

నేను ఇక్కడ ఉదాహరణగా తీసుకుంటున్నది లాత్వియా కంపెనీ మైక్రోటిక్ చేసే ఎల్‌హెచ్‌జీ ఎల్‌టీఈ6, ఎస్‌ఎక్స్‌టీ ఎల్‌టీఈ రకాలు. వేరే కంపెనీవైతే మెనూల పేర్లు మారతాయి కానీ లోపలి సంగతి ఒకటే. ఆ పెట్టెలో ఉన్నవి రెండు కంప్యూటర్లు. ఒకటి రౌటర్, రెండోది మోడెమ్. మోడెమ్‌కి సొంత ప్రాసెసర్, సొంత సాఫ్ట్‌వేర్ ఉంటాయి, అది రౌటర్ బోర్డు మీద కూర్చున్న ఇంకో ఫోన్ అనుకోవచ్చు. ఈ రెండింటికీ కరెంటూ డేటా కలిపి ఒకే ఈథర్‌నెట్ కేబుల్లో వెళ్తాయి. అంటే కరెంటు బాగుంటేనే మోడెమ్ లేస్తుంది, మోడెమ్ లేస్తేనే సిమ్ కనబడుతుంది, సిమ్ కనబడితేనే టవర్ దగ్గర నమోదవుతుంది, ఆ తర్వాతే ఐపీ అడ్రస్, ఆ తర్వాతే సైట్ పేరుని ఐపీ అడ్రస్‌గా మార్చే డీఎన్‌ఎస్, చిట్టచివర మీ ఇంట్లో వైఫై. ఎక్కడ తెగిందో ఈ వరసలోనే చూసుకుంటూ రావాలి. మధ్యలోంచి మొదలుపెడితే రోజంతా పోతుంది.

ముందు కరెంటు. దీని మీద ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే "ఫర్మ్‌వేర్ బగ్" అని అందరూ తిట్టే వాటిలో చాలా భాగం చివరికి ఇక్కడే తేలతాయి.

భీమవరం వైపు రొయ్యల చెరువుల గట్ల మీద ఇలాంటి రౌటర్లు కనిపిస్తాయి. కాపలా షెడ్డు దగ్గర పోల్, పోల్ మీద రౌటర్, దాని కింద నాలుగు కెమెరాలు. ఒకచోట ఫిర్యాదు ఏంటంటే పగలంతా బాగానే ఉంటుంది, రాత్రి కెమెరాలు వీడియో పైకి పంపడం మొదలుపెట్టగానే నెట్ పోతుంది, రెండు నిమిషాల్లో తిరిగొస్తుంది, మళ్ళీ పోతుంది. అప్పటికే ఫర్మ్‌వేర్ మార్చేశారు, సిమ్ కూడా మార్చేశారు. కింద అడాప్టర్ చూస్తే సంగతి అర్థమైంది. రౌటర్‌తో వచ్చిన 24 వోల్టుల అడాప్టర్ ఎప్పుడో కాలిపోతే, కెమెరాలకి వాడే 12 వోల్టుల అడాప్టర్ పెట్టారు. లైట్లు వెలుగుతున్నాయి కాబట్టి కరెంటు మీద ఎవరికీ అనుమానం రాలేదు.

లెక్క చూడండి. మంచి రాగి క్యాట్ 5ఈ కేబుల్లో ఒక్కో తీగ నిరోధం 100 మీటర్లకి 9.4 ఓమ్‌ల దాకా ఉంటుంది. పీఓఈలో, అంటే ఈథర్‌నెట్ కేబుల్లోనే కరెంటు పంపే పద్ధతిలో, కరెంటు వెళ్ళడానికి రెండు తీగలు, రావడానికి రెండు తీగలు వాడితే, పోనూ రానూ కలిపి 100 మీటర్లకి దాదాపు అదే 9.4 వస్తుంది. 60 మీటర్లకి 5.6 ఓమ్‌లు. రౌటర్‌కి 6 వాట్లు కావాలనుకుంటే 24 వోల్టుల దగ్గర పావు ఆంపియర్ చాలు, దారిలో పోయేది ఒకటిన్నర వోల్టు, ఏ ఇబ్బందీ లేదు. అదే 12 వోల్టులు ఇస్తే కనీసం అర ఆంపియర్ కావాలి, దారిలో దాదాపు 3 వోల్టులు, ఇంకా ఎక్కువే పోతాయి, పైకి చేరేది 9 కూడా ఉండదు. ఈ రౌటర్‌కి అది చాలదు. మోడెమ్ గట్టిగా ట్రాన్స్‌మిట్ చేసినప్పుడే ఎక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి అప్‌లోడ్ మొదలవగానే పడిపోతుంది, ఖాళీగా ఉన్నప్పుడు బతికే ఉంటుంది. ఇక ఆ కేబుల్ రాగి పూత పూసిన అల్యూమినియం అయితే, అంటే షాపుల్లో చవగ్గా దొరికే సీసీఏ రకం అయితే, నష్టం ఇంచుమించు ఒకటిన్నర రెట్లు. కేబుల్ కొనేటప్పుడు తీగ కొసని బ్లేడుతో గీరి చూడండి, లోపల తెల్లగా మెరిస్తే అది రాగి కాదు.

దీన్ని రౌటర్లోనే పట్టుకోవచ్చు. అప్‌టైమ్, అంటే రౌటర్ లేచి ఎంతసేపయిందో, చూడండి. ఎవరూ ముట్టుకోకుండా అది నిమిషాల్లో ఉంటే పెట్టె మొత్తం రీస్టార్ట్ అవుతోందని, కాబట్టి కరెంటు చూడాలని అర్థం. సరిగ్గా షట్‌డౌన్ కాకుండానే రౌటర్ రీబూట్ అయిందని మైక్రోటిక్ లాగ్‌లో ఒక లైన్ కూడా పడుతుంది. అప్‌టైమ్ రోజుల్లో ఉండి, ఎల్‌టీఈ (అంటే 4జీ) ఇంటర్‌ఫేస్ ఒక్కటే పడుతూ లేస్తూ ఉంటే, అప్పుడు గొడవ మోడెమ్ దగ్గరో సిగ్నల్ దగ్గరో ఉంది. ఈ ఒక్క తేడా తెలుసుకుంటే సగం పని అయిపోయినట్టే.

వోల్టులు ఎక్కువైనా ముప్పే. పీఓఈ అని రాసినవన్నీ ఒకటి కాదు. 802.3ఏఎఫ్ ప్రమాణం ప్రకారం చేసిన స్విచ్ అవతల ఏముందో అడిగి తెలుసుకుని అప్పుడు 48 వోల్టుల చుట్టూ వదులుతుంది. పాసివ్ ఇంజెక్టర్, అంటే అడాప్టర్ కరెంటుని కేబుల్లోకి ఎక్కించే చిన్న పెట్టె, అలా ఏమీ అడగదు, ఉన్నది ఉన్నట్టు తోసేస్తుంది. 30 వోల్టుల వరకే తట్టుకునే రౌటర్‌కి 48 వోల్టుల పాసివ్ ఇంజెక్టర్ తగిలిస్తే ఇక దాని మీద ఏ ఫర్మ్‌వేరూ ఎక్కదు. పెట్టె వెనక స్టిక్కర్ మీద వోల్టుల పరిధి రాసి ఉంటుంది, పోల్ ఎక్కించేముందే దాన్ని ఫోటో తీసి పెట్టుకోండి.

నీళ్ళ సంగతి త్వరగా చెప్పేస్తాను. కేబుల్ రౌటర్లోకి కింది నుంచే ఎక్కాలి, ఎక్కేముందు ఒక వంపు వదలాలి, వాన నీళ్ళు ఆ వంపు దగ్గర కారిపోతాయి. సిమ్ మూత రబ్బరు సరిగ్గా నొక్కకపోతే చీమలు దూరతాయి. ఉప్పుగాలి ఉన్న చోట ఆర్‌జే45 పిన్నుల మీద పచ్చగా చిలుము పడుతుంది, అందులో కరెంటు కూడా పారుతుంటుంది కాబట్టి ఇంకా త్వరగా తినేస్తుంది. అలా పచ్చబడిన కొస కోసేసి కొత్తది క్రింప్ చెయ్యాలి, గీకి శుభ్రం చేస్తే మళ్ళీ వస్తుంది. ఎర్తింగ్ మాత్రం తప్పదు, ఖాళీ పొలంలో అందరికన్నా ఎత్తుగా నిలబడేది మీ పోలే.

కరెంటు బాగుందనుకుందాం, ఇప్పుడు సిమ్. రౌటర్లో పెట్టేముందు అదే సిమ్ ఫోన్లో పెట్టి డేటా వస్తోందో లేదో చూడండి, పిన్ లాక్ ఉంటే తీసేయండి. నానో సిమ్‌ని ప్లాస్టిక్ అడాప్టర్లో పెట్టి దూర్చితే ఎండకి అది వంగి కాంటాక్ట్ వదిలేస్తుంది, మధ్యాహ్నం మాత్రమే సిమ్ లేదని చూపిస్తుంటే ముందు దాన్ని అనుమానించండి. సిమ్ కనబడుతోంది కానీ నమోదు దగ్గర డినైడ్ అని వస్తే అది సిగ్నల్ సమస్య కాదు, ఆపరేటర్ వైపు నిరాకరణ. కొన్ని ప్లాన్లు ఆ కంపెనీ ఇచ్చిన పరికరంలోనే పనిచేస్తాయి. యంత్రాల కోసం ఇచ్చే 13 అంకెల ఎం2ఎం సిమ్‌లకి ముందే నిర్ణయించిన చిరునామాలకే డేటా వెళ్ళే పరిమితులు ఉంటాయి. అలాంటి సిమ్ తెచ్చి వెబ్‌సైట్లు తెరుచుకోవట్లేదని రౌటర్‌ని తిడితే లాభం లేదు.

సెర్చింగ్ అని అక్కడే ఆగిపోతే బ్యాండ్లు, అంటే ఆపరేటర్ వాడే ఫ్రీక్వెన్సీ పట్టీలు, చూడాలి. జియో 4జీ మనకి 3, 5, 40 బ్యాండ్ల మీద నడుస్తుంది. ఎయిర్‌టెల్ ప్రధానంగా 1, 3, 8, 40. బీఎస్‌ఎన్‌ఎల్ కొత్త 4జీకి 28, 1 ముఖ్యం. అమెరికాలో ఉన్న బంధువులు వచ్చేటప్పుడు తెచ్చిన రౌటర్లు చాలామంది ఇళ్ళలో పనికిరాకుండా పడి ఉండటానికి కారణం ఇదే. అక్కడి మోడళ్ళు 2, 4, 5, 12 లాంటి బ్యాండ్లకి చేసినవి, వాటిలో మనకి కలిసొచ్చేది 5 ఒక్కటే కావచ్చు. ఇది హార్డ్‌వేర్‌లో లేని విషయం, ఏ అప్‌డేటూ దాన్ని తెచ్చి పెట్టలేదు. ఇంకోటి, జియోకి 2జీ, 3జీ అసలు లేవు. నెట్‌వర్క్ మోడ్ ఆటోలో ఉంటే కొన్ని మోడెమ్‌లు లేని 3జీ కోసం వెతుకుతూ కూర్చుంటాయి, ఎల్‌టీఈ ఒక్కటే ఉంచండి. 5జీ పెట్టె అయితే జియోది స్టాండలోన్ (4జీ మీద ఆధారపడని) 5జీ కాబట్టి ఆ మోడ్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి.

ఇక సిగ్నల్. గీతలు చూడటం మానేసి అంకెలు చూడటం అలవాటు చేసుకోండి. ఆర్‌ఎస్‌ఆర్‌పీ అంటే టవర్ గొంతు మన దగ్గరికి ఎంత బలంగా చేరుతోందో చెప్పేది. మైనస్ 80 అంటే చాలా బాగుంది, మైనస్ 100 అంటే సరే, మైనస్ 115 దాటితే కష్టం. ఎస్‌ఐఎన్‌ఆర్ అంటే ఆ గొంతు చుట్టూ ఉన్న రొద కన్నా ఎంత పైన ఉందో చెప్పేది. 20 పైన ఉంటే భేష్, 10 దగ్గర పర్వాలేదు, సున్నా కిందికి పోతే డేటా నత్తనడకే. పెళ్ళి పందిట్లో పక్కవాడు ఎంత గట్టిగా అరిచినా స్పీకర్ల మోతలో మాట అర్థం కాదు చూడండి, ఆర్‌ఎస్‌ఆర్‌పీ బాగుండి ఎస్‌ఐఎన్‌ఆర్ లేకపోవడం అంటే అదే. అందుకే రౌటర్‌ని తిప్పేటప్పుడు ఎక్కువ బలం ఉన్న దిక్కు కాకుండా ఎస్‌ఐఎన్‌ఆర్ ఎక్కువ వచ్చే దిక్కు వెతకాలి. ఒక్కోసారి దగ్గరి టవర్‌ని వదిలేసి దూరంగా ఉన్నదానివైపు తిప్పితే వేగం పెరుగుతుంది.

ఎల్‌హెచ్‌జీ డిష్ రకం, దాని గెయిన్ 17 డీబీఐ. అంత గెయిన్ ఉన్న యాంటెనాకి చూపు ఇరుకు, కొద్దిగా పక్కకి జరిగినా అంకెలు పడిపోతాయి. కొంచెం తిప్పడం, ఒక నిమిషం ఆగడం, సెల్ ఐడీ (ఏ టవర్‌కి తగులుకుందో చెప్పే అంకె), ఎస్‌ఐఎన్‌ఆర్ రాసుకోవడం, మళ్ళీ తిప్పడం. సెల్ ఐడీ రాయకపోతే మీరు పోల్చేది రెండు వేర్వేరు టవర్లని అవుతుంది, ఆ పోలికకి అర్థం ఉండదు. మామిడి తోటలో పెట్టేవాళ్ళు ఆకుల పైకి పోల్ లేపడం మంచిది, తడిసిన ఆకు సిగ్నల్‌ని బాగా మింగుతుంది.

అప్‌లోడ్ విషయం విడిగా చెప్పాలి. మోడెమ్ పంపే శక్తి గరిష్ఠంగా 23 డీబీఎం, అంటే 200 మిల్లీవాట్లు. టవర్ అంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ శక్తితో పంపుతుంది. కాబట్టి దాని మాట మనకి వినబడుతుంది, మన మాట దానికి చేరదు. డౌన్‌లోడ్ 20 ఎంబీపీఎస్ వచ్చి అప్‌లోడ్ ఒకటి కూడా రాకపోవడానికి ఇదొక కారణం. ఇంకో కారణం బ్యాండ్ 40. అది టీడీడీ, ఒకే ఫ్రీక్వెన్సీని సమయం పంచుకుని రెండు వైపులా వాడతారు, అందులో ఎక్కువ వాటా డౌన్‌లోడ్‌కే ఇస్తారు. సినిమాలు చూసేవాళ్ళకి బ్యాండ్ 40 బాగుంటుంది, కెమెరాల వీడియో పైకి పంపాల్సినవాళ్ళకి బ్యాండ్ 3 లేదా 5 మేలు. బ్యాండ్ లాక్ అనే సదుపాయం అందుకే ఉంది. కానీ లాక్ చేసి మర్చిపోతే, ఆ టవర్‌లో ఆ బ్యాండ్ ఏదైనా పని కోసం ఆపిన రోజున మీ రౌటర్ సెర్చింగ్ అంటూ కూర్చుంటుంది, పక్కనే ఇంకో బ్యాండ్ ఉన్నా పోదు. ఏ బ్యాండ్‌కి లాక్ చేశారో ఇంజెక్టర్ మీద మార్కర్‌తో రాసి పెట్టండి, తర్వాత వచ్చి చూసేవాళ్ళకి పనికొస్తుంది.

సాయంత్రం ఏడు నుంచి పది మధ్య మాత్రమే వేగం పడిపోయి, ఆర్‌ఎస్‌ఆర్‌పీ ఏమీ మారకపోతే అది టవర్ మీద రద్దీ. దానికి మీ పెట్టెలో మందు లేదు. వేరే బ్యాండో, వేరే టవరో, వేరే ఆపరేటరో చూడాలి.

నమోదైంది, సిగ్నల్ బాగుంది, నెట్ మాత్రం రావట్లేదు. అప్పుడు ఏపీఎన్ చూడండి. జియోకి జియోనెట్, బీఎస్‌ఎన్‌ఎల్‌కి బీఎస్‌ఎన్‌ఎల్‌నెట్. స్పెల్లింగ్‌లో ఒక్క ఖాళీ పడినా పోతుంది. ఐపీ రకం ఐపీవీ4, ఐపీవీ6 రెండూ అని పెట్టండి, మన నెట్‌వర్కుల్లో ఐపీవీ6 వాటా చాలా ఎక్కువ.

కొన్ని సైట్లు తెరుచుకుని, కొన్ని తెల్ల తెర మీద తిరుగుతూ ఉండిపోతే ఎంటీయూ, అంటే ఒక్క ప్యాకెట్‌కి ఉండగల గరిష్ఠ సైజు, మీద అనుమానం పెట్టుకోండి. మామూలు ఈథర్‌నెట్‌లో ప్యాకెట్ 1500 బైట్లు, మొబైల్ నెట్‌వర్క్‌లో దారి మధ్యలో అంత పట్టకపోవచ్చు. విండోస్‌లో ముక్కలు చెయ్యొద్దనే ఆప్షన్‌తో 1472 సైజు పింగ్ పంపండి. పైన 28 బైట్ల హెడర్లు కలిసి 1500 అవుతుంది. వెళ్ళకపోతే సైజు తగ్గిస్తూ రండి, వెళ్ళిన అంకెకి 28 కలిపితే అదే మీ ఎంటీయూ. రౌటర్‌లో ఎంఎస్‌ఎస్ క్లాంప్ (ప్యాకెట్లు ఆ సైజు దాటకుండా చూసే సెట్టింగ్) ఆన్ చేస్తే చాలావరకు సర్దుకుంటుంది.

గడియారం గురించి ఎవరూ చెప్పరు. ఈ పెట్టెల్లో టైమ్ గుర్తుంచుకునే బ్యాటరీ ఉండదు, కరెంటు పోయి వస్తే తేదీ వెనక్కి పోవచ్చు. మీరు డీఎన్‌ఎస్‌ని హెచ్‌టీటీపీఎస్ మీద పెట్టుకుని ఉంటే, తేదీ తప్పుగా ఉండి సర్టిఫికెట్ చెల్లదు, డీఎన్‌ఎస్ పనిచెయ్యదు. డీఎన్‌ఎస్ లేక టైమ్ సర్వర్ పేరు దొరకదు, టైమ్ దొరక్క సర్టిఫికెట్ చెల్లదు. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని ఆగిపోతాయి. టైమ్ సర్వర్‌ని పేరుతో కాకుండా ఐపీ అంకెలతో ఇస్తే ఈ ముడి పడదు.

కెమెరాలకి పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టినా బయటినుంచి కనబడట్లేదని అడిగేవాళ్ళు ముందు రౌటర్‌కి వచ్చిన ఐపీ చూడండి. అది 10తో మొదలైనా, 100.64 నుంచి 100.127 మధ్య ఉన్నా, ఆ అడ్రస్ మీ ఒక్కరిది కాదు, ఆపరేటర్ ఒకే పబ్లిక్ ఐపీని బోలెడు మందికి పంచుతున్నాడు. బయటినుంచి వచ్చేవాళ్ళు ఆపరేటర్ దగ్గరే ఆగిపోతారు. ఎన్ని రూల్స్ రాసినా లాభం లేదు, రౌటరే బయట ఉన్న సర్వర్‌కి వైర్‌గార్డ్ అనే వీపీఎన్ టన్నెల్ వేసుకోవాలి, లేదా కెమెరా కంపెనీ క్లౌడ్ వాడుకోవాలి. మైక్రోటిక్ సిస్టమ్ రౌటర్‌ఓఎస్ 7లో వైర్‌గార్డ్ ఉంది, 6లో లేదు. ఫర్మ్‌వేర్ మార్చడానికి ఇదొక సరైన కారణం.

ఇప్పుడు ఫర్మ్‌వేర్‌కి వద్దాం. మైక్రోటిక్‌లో ఇది మూడు ముక్కలు. రౌటర్‌ఓఎస్ అనే అసలు సిస్టమ్, దాన్ని లేపే రౌటర్‌బూట్, మోడెమ్ సొంత ఫర్మ్‌వేర్. ఒకటి మారిస్తే మిగతావి వాటంతటవి మారవు. రౌటర్‌ఓఎస్ ఎక్కించి రీబూట్ అయ్యాక, రౌటర్‌బోర్డ్ మెనూలోకి వెళ్ళి అప్‌గ్రేడ్ కొట్టి ఇంకోసారి రీబూట్ చేస్తేనే రెండోది మారుతుంది. మోడెమ్‌ది ఎల్‌టీఈ మెనూలో విడిగా ఉంటుంది. టవర్ పట్టుకోవడం, బ్యాండ్లు కలపడం లాంటి వాటిలో తేడా ఉంటే మార్చాల్సింది ఈ మూడోది, చాలామంది మొదటిదాన్నే పదిసార్లు మారుస్తుంటారు.

7.12 కన్నా పాత వెర్షన్ నుంచి నేరుగా 7.13కి గానీ పైకి గానీ దూకకండి. 7.13లో వైర్‌లెస్ భాగాన్ని విడి ప్యాకేజీగా చేశారు, ముందు 7.12 మెట్టు ఎక్కితే సరైన ప్యాకేజీలు అదే చూసుకుంటుంది. ఈ రకం రౌటర్లలో చాలావాటికి ఫ్లాష్ 16 ఎంబీయే, జాగా చాలట్లేదని వస్తే ఫైల్స్‌లో పాత బ్యాకప్‌లు, లాగ్‌లు కాపీ చేసుకుని తీసేయండి.

బ్యాకప్ రెండు రకాలుగా తీసుకోండి. బైనరీ బ్యాకప్ అదే పెట్టెకి పనికొస్తుంది, టెక్స్ట్ ఎక్స్‌పోర్ట్ కంటితో చదువుకోవచ్చు, కొత్త పెట్టెకి ఎక్కించొచ్చు. వెర్షన్ 7లో ఎక్స్‌పోర్ట్ చేస్తే పాస్‌వర్డ్‌లు దాచేసి ఇస్తుంది, అవి కూడా కావాలంటే ప్రత్యేకంగా అడగాలి. ఇది తెలియక ఫైల్ ఉంది కదా అని రీసెట్ చేసినవాళ్ళకి వైర్‌గార్డ్ కీలు మళ్ళీ మొదటినుంచి చేసుకోవాల్సి వస్తుంది. రెండు ఫైళ్ళనీ రౌటర్లో వదిలెయ్యకుండా ల్యాప్‌టాప్‌లోకి దింపుకోండి. అప్‌డేట్ నడిచేటప్పుడు ఇంజెక్టర్‌ని యూపీఎస్ మీద పెట్టండి, మోడెమ్ అప్‌డేట్‌కి నిమిషాలు పట్టినా కదిలించకండి.

ఇంత చేసినా పెట్టె లేవకపోతే, సిస్టమ్‌ని మొదటినుంచి ఎక్కించే మైక్రోటిక్ ప్రోగ్రామ్ నెట్‌ఇన్‌స్టాల్ ఉంది. ల్యాప్‌టాప్‌ని ఈథర్‌నెట్ కేబుల్‌తో కలిపి, దానికి స్థిర ఐపీ ఇచ్చి, వైఫై, ఫైర్‌వాల్ ఆపేసి, రౌటర్ రీసెట్ బటన్ నొక్కి పట్టుకునే కరెంటు ఇవ్వండి. నెట్‌ఇన్‌స్టాల్ కిటికీలో రౌటర్ కనబడేదాకా బటన్ వదలకూడదు, లైట్ మెరవగానే వదిలేస్తే అది మామూలు రీసెట్ అయిపోతుంది. కనబడకపోతే చాలావరకు విండోస్ ఫైర్‌వాలే అడ్డు. ల్యాప్‌టాప్‌కీ రౌటర్‌కీ మధ్య మామూలు చిన్న స్విచ్ ఒకటి పెడితే, రౌటర్ ఆరి వెలిగినప్పుడల్లా ల్యాప్‌టాప్ పోర్టు పడిపోకుండా ఉంటుంది.

అప్‌డేట్ చెయ్యడానికి వేగం కన్నా పెద్ద కారణం భద్రత. 2018లో మైక్రోటిక్ విన్‌బాక్స్‌లో, అంటే రౌటర్‌ని సెట్ చేసుకునే ప్రోగ్రామ్‌లో, ఒక రంధ్రం బయటపడింది, దాంతో పాస్‌వర్డ్‌లు లాగేయొచ్చు. కంపెనీ అదే ఏడాది ఏప్రిల్‌లో సరిచేసింది. అయినా 2021లో మేరిస్ అనే బాట్‌నెట్ (హ్యాకర్ల చేతికి చిక్కిన పరికరాల గుంపు) భారీ దాడులు చేసినప్పుడు, అందులో ఉన్నవి 2018లో దొరికిపోయిన రౌటర్లేనని మైక్రోటిక్ చెప్పింది. ఫర్మ్‌వేర్ మార్చినా, అప్పటికే పోయిన పాస్‌వర్డ్ మార్చనివాళ్ళ పెట్టెలు కూడా వాటిలో ఉన్నాయి. కాబట్టి పాత రౌటర్‌ని అప్‌డేట్ చేసిన రోజే పాస్‌వర్డ్ మార్చండి, యూజర్ల జాబితాలో, షెడ్యూలర్‌లో, స్క్రిప్టుల్లో మీరు పెట్టనివి ఏమైనా ఉన్నాయేమో చూడండి, విన్‌బాక్స్, వెబ్ లాగిన్ రెండూ ఎల్‌టీఈ వైపునుంచి తెరుచుకోకుండా మూసేయండి. షెడ్యూలర్‌లో తెలియని లైన్ ఒక్కటి కనబడినా దాన్ని తుడిచేసి ఊరుకోవద్దు, నెట్‌ఇన్‌స్టాల్‌తో మొత్తం చెరిపేసి, సెట్టింగులు చేత్తో మళ్ళీ పెట్టుకోండి, పాత బ్యాకప్ ఎక్కించకండి.